ఫొటో వెనక తలుపు

సోమవారం పొద్దున పదీ పదికి నర్మదకు కొత్త పని పడింది. ఒక మనిషిని పట్టుకోవాలి. ఆ మనిషి నర్మదే. పని అప్పజెప్పిన పెద్దమనిషికి మాత్రం ఆ సంగతి తెలియదు.

"ఈ గేమ్ తయారుచేసినవాడు శుక్రవారం కల్లా నా ముందు నిలబడాలి," అన్నాడు వెంకటసుబ్బారావు. "కంప్యూటర్ల సంగతి నీకు తెలుసు కదమ్మాయ్. మన శ్యామ్‌తో కలిసి వాణ్ణి పట్టుకో."

"సరే సార్," అంది నర్మద. అరచేతులు చున్నీకి తుడుచుకుంది.

వెంకటసుబ్బారావు స్వర్ణశిఖర ఎవెన్యూస్ అనే ప్లాట్ల కంపెనీకి ఎండీ. ఆఫీసు ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, టైర్ల షాపు పైన రెండో అంతస్తులో. వెంచర్లు బొంగులూరు వైపు. ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ ఎక్కడ హద్దురాయి పాతితే అక్కడ ప్లాటు మొలుస్తున్న రోజులవి. పొద్దున ఆవులు మేసిన చోట సాయంత్రానికి కమాను లేచేది. కమాను మీద రెండు ఏనుగులు. ఏనుగుల వెనక ఏమీ ఉండేది కాదు.

ఆఫీసులో స్టాఫ్ పదకొండు మంది. ఎక్కువమంది టెలికాలర్లు. పొద్దస్తమానం ఫోన్లు చేసి, ఎవరినో ఒకరిని ఆదివారం సైట్ విజిట్‌కి రప్పించడం వాళ్ల పని. ఊడ్చి తుడిచి టీ పెట్టే ఈదమ్మ కూడా ఉంది గానీ, ఆవిడను ఎవరూ స్టాఫ్ లెక్కలో వేసేవారు కాదు. బొంగులూరు వెంచర్‌లో క్లబ్‌హౌస్ వస్తుందని చూపించే చోటు ఒకప్పుడు ఈదమ్మ జొన్నచేను.

ప్రతి సోమవారం అందరూ హాల్లో గుండ్రంగా నిలబడాలి. ఎండీ "ఎవరు?" అని అరవాలి. స్టాఫ్ "మనమే!" అని చప్పట్లు కొట్టాలి. తర్వాత సూట్‌కేసు కథ. తెనాలి నుంచి ఒక్క సూట్‌కేసుతో హైదరాబాదు వచ్చి ఇంతవాడైన కథ. వారానికోసారి విని విని, సూట్‌కేసులో ఏముందనే విషయంలో స్టాఫ్ పందేలు వేసుకునేవారు. ఒక వారం రెండు చొక్కాలు. ఇంకో వారం వాళ్లమ్మ ఫొటో. ఉగాది తర్వాతి సోమవారమైతే సూట్‌కేసే లేదు, గుడ్డసంచి.

ఆ సోమవారం కథకు ముందు ఎండీ గోడ మీద ఒక వీడియో వేయించాడు. ఎవరో యూట్యూబ్ కుర్రాడు ఒక హారర్ గేమ్ ఆడుతూ కేకలు పెడుతున్నాడు. గేమ్ పేరు 'సైట్ విజిట్'. తొమ్మిది లక్షలమంది చూశారు.

గేమ్‌లో నువ్వు ఒక ప్లాట్ల ఆఫీసులో టెలికాలర్‌వి. తలుపులన్నీ మూసుకుపోయాయి. లోపల 'సారు' తిరుగుతుంటాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, ముంజేతికి బంగారు కడియం. మెడ పైన ఏమీ లేదు. చెవి ఉండాల్సిన చోట గాల్లో ఒక బ్లూటూత్ మాత్రం నీలంగా వెలిగి ఆరుతుంటుంది. "ఆదివారానికి ఎంతమందిని తెస్తున్నావ్?" అని అడుగుతూ వస్తాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే పక్కనుంచి వెళ్లిపోతాడు. దించితే పట్టుకుంటాడు. పట్టుకున్నాక చంపడు. శాలువా కప్పుతాడు. మరుక్షణం నువ్వు గోడ మీద ఫ్రేములో ఉంటావు. కింద 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని ఉంటుంది. ఆ గోడ నిండా అలాంటి ఫ్రేములే. అన్నిట్లోనూ కళ్లు కదులుతుంటాయి.

ఇవన్నీ దాటితే ఆఖరి గది. అక్కడ గోడకు నిలువెత్తు ఫొటో. దాని ముందు నిలబడి ఒక్క నిమిషం నోరు మూసుకోవాలి. గేమ్‌లో కాదు, నిజంగా. నీ కంప్యూటర్ మైకులోంచి గేమ్ నిన్ను వింటుంటుంది. ఒక్క మాట బయటికొచ్చిందా, సారు వెనకే ఉంటాడు. నిమిషం ఆగితే ఫొటో పక్కకు జరుగుతుంది. వెనక ఏముందో ఏ వీడియోలోనూ లేదు. యూట్యూబ్‌లో గేములు ఆడేవాళ్లకు నిమిషంపాటు నోరు మూసుకునే అలవాటు లేదు మరి.

వీడియో ఆగింది. ఎండీ లేచి నిలబడ్డాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, కడియం. చెవిలో బ్లూటూత్ వెలిగి ఆరింది. పదకొండు మందీ నేల చూపులు చూశారు. మల్లేశ్ అనే టెలికాలర్ దగ్గు వచ్చినట్టు మూతికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరో గుర్తుపట్టారా?" అన్నాడు ఎండీ.

ఆయనే జవాబు చెప్పాడు.

"ఆ తుక్కుగూడవాడు! మన పోటీ కంపెనీ ఎండీ! ఆ నడక చూడండయ్యా, అచ్చం వాడే. తలకాయ లేకుండా పెట్టాడు చూశారా, అదీ తెలివంటే!"

"అచ్చం వాడే సార్," అన్నాడు మేనేజర్ శ్యామ్.

"అందులో ఉన్న పసుపు సోఫా మన రిసెప్షన్‌ది. అంటే మన ఆఫీసు మీద వాడి కన్ను పడిందని మనవాళ్లలో ఎవరో జనానికి చెప్పారు. ఎంత అభిమానం చూడు! అలాంటివాడికి నేను సన్మానం చేయనూ?"

సన్మానం వెనక సంగతి మీటింగ్ అయ్యాక శ్యామ్ చెప్పాడు. "అపాయింట్‌మెంట్ లెటర్లో పద్నాలుగో షరతు గుర్తుందా నర్మదా? ఆఫీసు కంప్యూటర్ మీద ఏం చేసినా కంపెనీదే. మనిషి దొరికితే గేమ్ మనదే. సారు అప్పుడే ప్లాన్ చేసేశారు. ఆఖరి తలుపు తెరిస్తే మన కమాను, ఏనుగులు. సారు స్వయంగా నడిచొచ్చి బ్రోచర్ ఇస్తారు."



ఆ గేమ్ కోసం రెండేళ్లు పట్టింది. ఆమెది ఊరి బెస్తవాడ. తండ్రి బుగ్గయ్య పెద్దచెరువులో చేపలు పడతాడు. ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ ఒక ఫొటో తెరవడానికే ఆయాసపడుతుంది. ఆఫీసులో ఆమె సీటు దగ్గర మాత్రం మంచి కంప్యూటర్ ఉంది. కట్టని క్లబ్‌హౌస్‌లో, తవ్వని ఈతకొలనులో, ఈదని హంసలను చూపించే త్రీడీ వీడియోలు చేయడానికి కొన్నది. లంచ్ అవర్‌లో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఆమె ఆ గేమ్ కట్టింది. మొదటి భాగం మారుపేరుతో ఆన్‌లైన్‌లో పెట్టింది. బెంగళూరులో ఒక చిన్న గేమ్ కంపెనీకి అది నచ్చింది. పూర్తి గేమ్ మేం విడుదల చేస్తాం, మీ పేరుతోనే, అని రాశారు. ఒకటే అడిగారు. మీరు పనిచేస్తున్న కంపెనీకి దీని మీద ఏ హక్కూ లేదని వాళ్ల లెటర్‌హెడ్ మీద ఒక కాగితం కావాలి. శుక్రవారం సాయంత్రంలోగా. లేకపోతే వేరే గేమ్ తీసుకుంటాం.

అడిగితే దొరికిపోతుంది. అడక్కపోతే గేమ్ పోతుంది. ఇదీ ఆ సోమవారం నర్మద పరిస్థితి.

మధ్యాహ్నం ఎండీ ఆమెనూ శ్యామ్‌నూ కేబిన్‌కి పిలిచి తలుపు వేయించాడు.

"నాకో అనుమానం ఉందయ్యా. ఆ గేమ్‌లో ఫొటో ఉన్న గోడ మన హాల్లో నా ఫొటో ఉన్న గోడే. అవునా? మరి అక్కడ నా ఫొటో వెనక ఏముందో తెలుసా?"

"గోడ సార్," అన్నాడు శ్యామ్.

"తలుపు. దక్షిణం వైపు తలుపు. వెనక మెట్లకి దారి. ఆఫీసు ఇక్కడికి మార్చకముందే వాస్తు రాంచంద్ర సిద్ధాంతి చూసి, అటునుంచి యముడు వస్తాడన్నాడు. ప్లైవుడ్ కొట్టించి, పైన ఎనిమిదడుగుల నా ఫొటో పెట్టించా. యముడొచ్చినా ముందు నన్ను దాటాలి. ఈ సంగతి నాకు తెలుసు, సిద్ధాంతికి తెలుసు. ఫొటోకి కొలతలు తీసినవాడు ఎవడో ఒకడుండాలి. ఎవడో గుర్తు రావట్లేదు."

కొలతలు తీసింది నర్మదే. టేపు ఒక చివర ఈదమ్మ పట్టుకుంది. ఆరోజు ఎండీ పక్కనే నిలబడి, ఫొటోలో తన బుగ్గలు కాస్త తగ్గించమని నర్మదకే చెప్పాడు.

"గేమ్‌లో ఫొటో వెనక తలుపే ఉందనుకో," అన్నాడు ఎండీ, "పాత ఫైలు తీసి కొలతల కాగితం మీద సంతకం చూస్తాం. దొంగ దొరికినట్టే. ముందు ఆ నిమిషం దాటండి."

శ్యామ్ అప్పటికే గేమ్‌ను తన లాప్‌టాప్‌లోకి దింపుకున్నాడు. ఇంక ఆన్‌లైన్‌లో ఏం మార్చినా లాభం లేదు. నర్మదకు దిక్కు ఒక్కటే. ఆ నిమిషం ఎవరూ దాటకూడదు.

శ్యామ్ సోమవారం సాయంత్రమే దాటేసేవాడు. ఆఖరి గది దాకా వచ్చాడు కూడా. కానీ ఎండీ ఫోన్ చేస్తే మొదటి రింగులోనే ఎత్తాలన్నది ఆ కంపెనీ రూలు. సరిగ్గా నలభయ్యో సెకనులో ఫోన్ మోగింది.

"సార్!"

"దొరికాడా?"

తెర మీద సారు శాలువా కప్పాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ముప్పై అయిదో సెకనులో ఫోన్. "సార్!" "దొరికాడా?" శాలువా. అలా ఆరుసార్లు. ఏడోసారి ఫోన్ మోగలేదు గానీ, మోగుతుందేమోనన్న భయంతో శ్యామే "సార్" అన్నాడు.

మంగళ, బుధవారాల్లో స్టాఫ్‌ను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఆడించాడు. నర్మద పక్కన కుర్చీ వేసుకుని, పరిశోధన చేస్తున్నట్టు నోట్‌బుక్ పట్టుకుంది.

మల్లేశ్ ఆఖరి గదికి రాగానే పెద్దగా ఆవులించి, "అన్నా, గీడ ఏం జెయ్యాలె?" అని అడిగాడు. శాలువా.

"మాట్లాడొద్దన్నాను కదరా!"

"అవ్ అన్నా, మాట్లాడ," అన్నాడు మల్లేశ్. మళ్లీ శాలువా.

రిసెప్షనిస్ట్ శ్రీలేఖ నలభై సెకన్లు బొమ్మలా కూర్చుంది. నర్మద పెన్ను విరిగేలా పట్టుకుంది. సరిగ్గా నలభై అయిదో సెకనులో శ్రీలేఖ, "అమ్మో, బల్లి!" అని కుర్చీ ఎక్కింది. బల్లి ఎక్కడా లేదు.

ఒకతనికి తుమ్ము. ఇంకొకామెకు ఎక్కిళ్లు. పొద్దస్తమానం టార్గెట్ గురించి తిట్లు పడుతూ పెదవి కదపకుండా నిలబడే మనుషులు, ఆ రెండు రోజులూ ఒక్క నిమిషం ఆగలేకపోయారు. "ఎందుకూ పనికిరాని స్టాఫ్," అన్నాడు శ్యామ్. నర్మద నోట్‌బుక్‌లో అదే రాసింది.

బుధవారం వాటర్ ఫిల్టర్ దగ్గర శ్రీలేఖ గ్లాసు నింపుకుంటూ, నర్మద వైపు చూడకుండా అంది. "ఫొటో వెనక ఆ మెట్లు భలే కట్టావు. కింద టైర్ల వాసన కూడా వచ్చినట్టుంది నాకు."

నర్మద చేతిలో సీసా జారింది. "నువ్వు... అయిపోగొట్టినవా?"

"అందరం పోయిన నెలలోనే అయిపోగొట్టాం. ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండటం మాకేమన్నా కొత్తా? మల్లేశ్ అయితే చపాతీ తింటూ అయిపోగొట్టాడు."

"నేనే అని ఎట్ల ఎరుకైంది?"

"గేమ్‌లో నా టేబుల్ సొరుగులో సగం తిన్న మామిడి తాండ్ర ఉంది. ఆ సొరుగు తెరిచేదెవరు నువ్వు తప్ప? నా తాండ్ర నాకు బాకీ ఉన్నావ్."

ఇంటికొచ్చాక నర్మద తండ్రికి చెప్పింది. బుగ్గయ్య గడప మీద కూర్చుని వల చిరుగులు కుడుతున్నాడు.

"నాదే అని చెప్పరాదు?" అన్నాడు.

"చెప్తే వాళ్లదైతది బాపూ."

బుగ్గయ్య దారం కొరికాడు. "మరి నోరు ముయ్యి. వల ఏసినంక మాట్లాడొద్దని నీకు చిన్నప్పుడే చెప్పిన. చేపకు నీ మాట అర్థంగాదు. సప్పుడు మాత్రం ఇంటది."

గేమ్‌లో ఆ ఆఖరి నిమిషం పుట్టింది ఆ మాటలోంచే. చెరువు గట్టున చిన్నప్పుడు కూర్చున్న నిమిషాలవి.

గురువారం ఎండీకి సహనం చచ్చింది.

"మీవల్ల కాదయ్యా. నేనే ఆడతా."

దానికీ సిద్ధాంతి ముహూర్తం పెట్టాడు. పదకొండూ ఇరవైకి, తూర్పు ముఖంగా. లాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు తగిలించారు. హాల్లో స్టాఫంతా నిలబడ్డారు. ఒక గోడ మీద అసలు ఫొటో, ఎనిమిదడుగులు, బుగ్గలు తగ్గించినది. ఎదుటి గోడ మీద గేమ్.

ఆఖరి గది దాకా శ్యామ్ ఆడి మౌస్ అందించాడు. ఎండీ కూర్చున్నాడు.

"అందరూ నిశ్శబ్దం!" అన్నాడు.

శాలువా.

"ఇదేంటి, నేను చెప్పింది వాళ్లకి కదా!"

రెండోసారి ఏడు సెకన్లు ఆగాడు. "చూశారా, ఏకాగ్రత అంటే ఇదీ," అన్నాడు. శాలువా. మూడోసారి పన్నెండు సెకన్లకు భార్య కోటేశ్వరి హయత్‌నగర్ నుంచి ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి వంకాయా దొండకాయా అని. "నేను నిశ్శబ్దంగా ఉన్నానే, పెట్టెయ్!" అన్నాడు. శాలువా. "మీరా?" అని అటునుంచి వినిపించింది. మల్లేశ్ గోడవైపు తిరిగి భుజాలు కదిలించాడు.

నాలుగోసారి ఓడిపోయేసరికి ఎండీ ముఖం కందగడ్డ అయింది. ఫోన్ ఆఫ్ చేశాడు. బ్లూటూత్ తీసి శ్యామ్ చేతిలో పెట్టాడు. జేబులోంచి తెల్ల కర్చీఫ్ తీసి, ఉండ చుట్టి, నోట్లో కుక్కుకున్నాడు.

అది ఎవరూ ఊహించలేదు. నర్మద అసలు ఊహించలేదు.

పది సెకన్లు. ఇరవై.

తెర మీద ఫొటో అంచు సన్నగా వణకడం మొదలైంది. ముప్పై. సారు అడుగుల చప్పుడు దూరమైంది. ఎండీ కళ్లు పెద్దవయ్యాయి. గెలుపు అలవాటైన మనిషి కళ్లు. ముప్పై అయిదు.

నర్మదకు తన గుండె చప్పుడు మైకులో పడితే బాగుండుననిపించింది. తుమ్మాలనుకుంది. తుమ్మితే ఎవరు తుమ్మారో తెలుస్తుంది. శ్రీలేఖ బల్లి కోసం పైకప్పు చూసింది. శ్యామ్ శ్రీలేఖ వైపే కన్నార్పకుండా చూస్తున్నాడు. నలభై. ఫొటో వెనక సన్నటి వెలుగు గీత. చెక్క తలుపు అంచు అందులో ఒక వెంట్రుకవాసి కనబడింది. నలభై అయిదు.

అప్పుడే ఈదమ్మ టీ పళ్లెంతో లోపలికి వచ్చింది. గోడ మీద తెరను చూసింది. నర్మద ముఖం చూసింది. పళ్లెం బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టింది. ఎండీ కుర్చీ పక్కకు వెళ్లి, వంగి, చెవి దగ్గర గుసగుసగా అడిగింది.

"సారూ, మీరు ఊరికెల్లి అచ్చినప్పుడు ఆ పెట్టెల ఏముండె సారూ?"

గుసగుస కాబట్టి గేమ్‌కు వినబడలేదు. ఎండీకి వినబడింది.

యాభై. ఎండీ మెడ బిగుసుకుంది. యాభై రెండు. ఆయన వేళ్లు కుర్చీ చేతుల మీద డప్పు కొట్టాయి. పదేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ తమంతట తాము అడగలేదు. ఎప్పుడూ ఆయనే అడిగించుకున్నాడు. యాభై నాలుగు. కళ్లలో నీళ్లు తిరిగాయి. యాభై ఆరు.

కర్చీఫ్ బయటికొచ్చింది.

"మంచి ప్రశ్న అడిగావు ఈదమ్మా! చెప్తాను, అందరూ వినండి! తెనాలి స్టేషన్లో నేను రైలెక్కేటప్పటికి ఆ సూట్‌కేసులో ఉన్నదల్లా ఒక్క దువ్వెన..."

"దువ్వెనంట!" అన్నాడు మల్లేశ్ వెనకనుంచి. ఆ వారం పందెం ఎవరూ గెలవలేదు.

తెర మీద సారు వచ్చి శాలువా కప్పాడు. ఎండీ గమనించలేదు. రైలు ఖాజీపేట దాటేదాకా కథ చెప్పాడు. చివరికి వెనక్కి తిరిగి చూసుకుంటే గోడ మీద ఫ్రేములో ఉన్నాడు. ఈ నెల ఉత్తమ ఉద్యోగి.

"మళ్లీ పెట్టు!" అని అరిచాడు.

శ్యామ్ మళ్లీ పెట్టేలోపు రిసెప్షన్‌లోంచి ఒక ఆడగొంతు వినబడింది. ఫేజ్ త్రీలో కార్నర్ ప్లాటు బుక్ చేసుకోవడానికి వచ్చిన దంపతులు. ఎండీయే స్వయంగా రమ్మన్నవాళ్లు.

"ఏమండీ, ఇదే ఆ దెయ్యం ఆఫీసు! పసుపు సోఫా చూడండి!"

"ఏ దెయ్యం?"

"ఆ వీడియోలో తలకాయ లేని..."

అంతలో ఎండీ చేతులు జోడించుకుంటూ హాల్లోంచి వెళ్లాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, కడియం. "రండి రండి! ఆదివారానికి ఎంతమంది వస్తున్నారు?"

ఆవిడ కెవ్వుమంది. ఆవిడ భర్త మెట్లు దిగే చప్పుడు, వెనకే ఆవిడ అడుగుల చప్పుడు వినబడ్డాయి. ఒక చెప్పు సోఫా దగ్గరే ఉండిపోయింది.

తర్వాతి అరగంటలో నాలుగు ఫోన్లు వచ్చాయి. అందరిదీ ఒకటే మాట. మీదేనంట కదా ఆ గేమ్ ఆఫీసు? ఫేజ్ త్రీ నిజంగా ఉందా, అది కూడా గేమేనా?

ఎండీ హాల్లో పులిలా తిరిగాడు. తుక్కుగూడవాడు ఇప్పుడు నవ్వుతుంటాడని తలుచుకున్నకొద్దీ కడియం పైకీ కిందికీ తోసుకున్నాడు.

"సార్, మనిషి దొరికితే మనమే..." అన్నాడు శ్యామ్.

"ఏం మనిషయ్యా! ఆ దరిద్రం మనదని తేలితే ఒక్కడూ సైట్ విజిట్ బండెక్కడు! రాయి. ఇప్పుడే రాయి. లెటర్‌హెడ్ తియ్యి. ఆ గేమ్‌కీ మనకీ ఏ సంబంధం లేదని రాసివ్వు, నేను సంతకం పెడతా. ఊరంతా వాట్సాప్‌లో పంపండి. ఎవరు టైపు చేస్తారు?"

"నేను జేస్త సార్," అంది నర్మద.

కూర్చుంది. ఎండీ వెనక నిలబడి చెప్పాడు, ఆమె కొట్టింది. 'సైట్ విజిట్' అనే గేమ్‌తో గానీ, దాన్ని తయారుచేసిన వ్యక్తితో గానీ మా కంపెనీకి ఎటువంటి సంబంధమూ లేదు.

అక్కడ ఆగింది. ఆమె జీవితంలో అంత మామూలు గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"సార్, 'ఏ హక్కూ లేదు' అని గూడ పెట్టాల్నా? ఊకె సంబంధం లేదంటే జనం నమ్ముతరా?"

"పెట్టు! ఏ హక్కూ లేదు, ఇకముందు కూడా ఉండదు, కోరుకోం కూడా! అది మన కంప్యూటర్ల మీద చేసింది కానే కాదని పెట్టు!"

నర్మద వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆ ఒక్క మాట అబద్ధం. తన చేత్తో తాను కొట్టలేకపోయింది. "కంప్యూటర్ల సంగతి మనం ఎత్తితే అనుమానం వస్తది గద సార్. ఎవడు జేసినా, ఏడ జేసినా మాకు హక్కు లేదు అంటే సరిపోతది."

"అదీ తెలివంటే!" అన్నాడు ఎండీ. "ఎవరు చేసినా, ఎక్కడ చేసినా. పెట్టు."

సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు. తృప్తి లేక ఇంకో ముద్ర వేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం లంచ్ అవర్‌లో, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, నర్మద ఆ కాగితాన్ని బెంగళూరుకు పంపింది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఇంత స్పష్టమైన లెటర్ మాకు ఏ కంపెనీ ఇంతవరకు ఇవ్వలేదు, మీ ఎండీగారికి మా కృతజ్ఞతలు చెప్పండి.

చెప్పలేదు.

నెల తిరిగాక రాజీనామా ఇచ్చింది. ఎండీ జాలిపడ్డాడు. "ఎక్కడికెళ్లి ఏం చేస్తావమ్మాయ్? పైకి రావాలంటే నోరుండాలి. నీకు అది లేదు." శాలువా తెప్పించి కప్పాడు. నర్మద ఒక్కసారి ఉలిక్కిపడింది. స్టాఫంతా చప్పట్లు కొట్టారు. ఈదమ్మ కొంచెం ఎక్కువసేపు కొట్టింది.

కిందికి దిగేటప్పుడు మెట్ల దగ్గర నర్మద ఆమెను పట్టుకుంది. "ఈదమ్మత్తా, ఆరోజు కావాలనే అడిగినవు కదా?"

"నాకేమెరుక బిడ్డా," అంది ఈదమ్మ చీపురు చంకలో పెట్టుకుని. "పెట్టెల ఏముండెనో అని పదేండ్ల సంది కొట్టుకుంటున్న. అడగాలనిపించింది, అడిగిన. ఇగ ఆ తలుపంటవా, దాని ఎన్కకెల్లే కద నేను చెత్త పారబోసేది, ఫొటో పెట్టకముందు."

పూర్తి గేమ్ దసరాకు విడుదలైంది. నర్మద పేరుతో. బెంగళూరువాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువమంది ఆడారు. ఎక్కడెక్కడి ఆఫీసుల వాళ్లో రాశారు. మా ఆఫీసులో కూడా ఇలాంటి ఫొటో ఉంది, వెనక తట్టి చూస్తే బోలుగా మోగింది, అని.

ఆ వారంలోనే గేమ్ కింద ఒక రివ్యూ కనబడింది. ఒక్క స్టార్. పేరు లేదు. అక్కర్లేదు కూడా.

'దెయ్యం హుందాగా ఉంది. కానీ ఈ గేమ్ మనిషి చెప్పేది వినిపించుకోదు. నేను నూట నలభై సార్లు ఆడాను. ఫొటో వెనక ఏముందో తెలిసినవారు ఈ నంబరుకు ఫోన్ చేయగలరు. బొంగులూరులో ఔటర్‌కి అయిదు నిమిషాల దూరంలో తూర్పు ముఖం ప్లాట్లు కలవు. సైట్ విజిట్‌కి బండి, భోజనం ఉచితం.'

ఆ రివ్యూ తమకు ఉపయోగపడిందని పదకొండు మంది నొక్కారు. నర్మద వచ్చేశాక ఆ ఆఫీసులో మిగిలింది, శ్యామ్‌తో కలిపి, పదిమంది.

పదకొండో మనిషి ఎవరా అని నర్మద కాసేపు ఆలోచించింది. తర్వాత గుర్తొచ్చింది. ఈదమ్మ పోయిన నెలలోనే కొత్త ఫోన్ కొనుక్కుంది.